రెండో ఏడాదిలో సీటు

ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఫలితాలు వచ్చే రోజుల్లో ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఇళ్లలో ఒక మాట తప్పకుండా నలుగుతుంది. పిల్లవాడు చదివేది ఘట్‌కేసర్ దారిలో ఏదో ఒక ప్రైవేటు కాలేజీ. ఎంట్రన్స్ రోజున జ్వరమో, భయమో, ర్యాంకు జారిపోయింది. ఏడాది తిరిగేసరికి మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. మరి ఇప్పుడు ఉస్మానియాకో, జేఎన్‌టీయూకో మారిపోవచ్చు కదా అని తండ్రి అంటాడు. అమెరికాలో ఉన్న మేనమామ ఫోన్ చేసి, ఇక్కడైతే మంచి యూనివర్సిటీలోకి రెండేళ్ల తర్వాత కూడా మారొచ్చు, మీ దగ్గర ఎందుకు కుదరదు అంటాడు. ఈ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

ఈ ఆశ ఎందుకు పుడుతుందో ఆ ప్రాంతంలో తిరిగేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నాచారం నుంచి హబ్సిగూడ, తార్నాక దాటితే ఉస్మానియా ప్రాంగణం. 1929లో మొదలైన యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ అక్కడే ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ, ఆ తర్వాత తార్నాక. సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ, ఐఐసీటీ లాంటి పేరున్న పరిశోధన సంస్థలు ఈ దారి పొడుగునే ఉన్నాయి. మన పిల్లలు మాత్రం పొద్దున్నే ఉప్పల్ రింగురోడ్డులో పసుపు రంగు కాలేజీ బస్సెక్కి వరంగల్ రోడ్డు పడతారు. బస్సు తూర్పుకు పోతుంది, మనసు పడమటికి లాగుతుంది.

చదువు మధ్యలో కాలేజీ మారడం మన పెద్దలకు వింత కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వేలూరులోని వూర్హీస్ కాలేజీలో ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, చదివి, పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. ఆయనకు అప్పటికి పట్టుమని ఇరవై ఏళ్లు కూడా లేవు. తత్వశాస్త్రం చదివింది ఆ రెండో కాలేజీలోనే. అప్పట్లో అది అంత సులువుగా ఎలా జరిగింది? ఎఫ్.ఏ. పరీక్ష పెట్టేది కాలేజీ కాదు, మద్రాసు విశ్వవిద్యాలయం. కాలేజీల పని పాఠం చెప్పడం వరకే. చెన్నపట్నంలో రాసినా వేలూరులో రాసినా పరీక్ష ఒకటే, సర్టిఫికెట్ ఒకటే. కాబట్టి నీ మార్కులు మాకు చెల్లవు అనే ప్రశ్నే పుట్టేది కాదు.

ఇక మన ఉస్మానియా సంగతి. తార్నాక పక్కన ఉన్న ఈ ప్రాంగణం నుంచే తెలుగువాళ్ల చరిత్రలో ఒక పెద్ద కాలేజీ మార్పు జరిగింది. అయితే అది మంచి కాలేజీ కోసం వెతుక్కుంటూ వెళ్లిన మార్పు కాదు, గెంటేస్తే వెళ్లిన మార్పు. 1938 చివర్లో హాస్టల్ విద్యార్థులు ప్రార్థనగా వందేమాతరం పాడారు. నిజాం ప్రభుత్వం పాడవద్దంది. విద్యార్థులు సమ్మెకు దిగారు. వందలమందిని కాలేజీల నుంచి తీసేశారు. ఔరంగాబాదు, గుల్బర్గా, వరంగల్ కాలేజీలకు కూడా ఇది పాకింది. వరంగల్ విద్యార్థుల్లో పి.వి. నరసింహారావు ఒకరు.

ఇప్పుడు వాళ్ల పరిస్థితి ఒక్కసారి ఊహించండి. చదివింది ఉర్దూ మాధ్యమంలో. బయట విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో చెబుతాయి. అదే హైదరాబాదులో ఉన్న నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులో నడుస్తోంది గానీ, రాజ్యంలో ఉన్న కాలేజీలో రాజ్యం తీసేసిన విద్యార్థికి చోటు ఎక్కడ? చేతిలో ఉన్నది సగం చదువు, బహిష్కరణ ఉత్తర్వు. అప్పుడు నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలర్ కేదార్ వాళ్లను చేర్చుకున్నారు. కాజీపేట నుంచి బల్హార్షా మీదుగా ఉత్తరాదికి నేరు రైలుదారి పూర్తయింది 1929లో. ఆ దారి పడి పదేళ్లు కూడా కాకముందే తెలంగాణ పిల్లలు పెట్టెలు పట్టుకుని ఆ రైలెక్కారు. పి.వి. లా పట్టా తీసుకున్నది నాగ్‌పూర్‌లోనే. అలా చదువు మధ్యలో రాజ్యం దాటాల్సి వచ్చిన ఆ విద్యార్థి తర్వాత ఆంధ్రప్రదేశ్ విద్యామంత్రి, ఆపైన ముఖ్యమంత్రి అయ్యి, 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. 1986 జాతీయ విద్యా విధానం వచ్చిననాటికి కేంద్రంలో మానవ వనరుల మంత్రి కూడా ఆయనే.

ఆ పిల్లల తెలివితేటల గురించి నాగ్‌పూర్ ప్రత్యేక పరీక్ష ఏదో పెట్టిందని కాదు నేను చెప్పదలచింది. చదువు మధ్యలో వచ్చినవాళ్లకు ఇక్కడ చోటుంది అని ఒక విశ్వవిద్యాలయం అనుకుంది, అంతే. ట్రాన్స్‌ఫర్ వ్యవహారమంతా ఇక్కడే ఉంది. అడిగేవాడికి ఎంత తెలివుందన్నది తర్వాతి మాట. అవతలివాళ్లు మధ్యలో వచ్చేవాళ్లకోసం సీటు అట్టిపెట్టారా లేదా అన్నది మొదటి మాట.

ఈ లెక్కన మన కాలానికి వద్దాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ నిబంధనల పుస్తకం ఎవరైనా తెరిచి చూడవచ్చు. అడ్మిషన్లు ముగిశాక బ్రాంచి మార్పు ఉండదు, విశ్వవిద్యాలయం సొంత కాలేజీల మధ్య మార్పు ఉండదు అని అందులో సూటిగా రాసి ఉంది. అంటే కూకట్‌పల్లి క్యాంపస్ సీటు మొదటి ఏడాది కౌన్సెలింగులో వస్తే వచ్చినట్టు. ఆ తర్వాత తొంభై ఐదు శాతం మార్కులు తెచ్చుకున్నా ఆ సీటుకు దారి లేదు.

అనుబంధ ప్రైవేటు కాలేజీల మధ్య మారడం మాత్రం ఉంది. అక్కడ ఖాళీ ఉండాలి, ఇక్కడ ఎన్‌వోసీ ఇవ్వాలి, అక్కడా ఎన్‌వోసీ ఇవ్వాలి, పైనుంచి అనుమతి రావాలి. వేరే విశ్వవిద్యాలయం నుంచి వస్తే ఇంకో మెలిక ఉంది, వినండి. అక్కడ చదవని సబ్జెక్టులు ఇక్కడివి పాసవ్వాలి. అది న్యాయమే. అక్కడ పాసైన సబ్జెక్టే ఇక్కడ వేరే సెమిస్టరులో ఉంటే, మళ్లీ చదివి మళ్లీ రాయాలి. ఉదాహరణకు ఇంజినీరింగ్ డ్రాయింగ్ అక్కడ మొదటి సెమిస్టరులో పాసయ్యాడు, ఇక్కడ అది రాబోయే సెమిస్టరులో ఉంది అనుకుందాం. డ్రాఫ్టరు అటక మీది నుంచి దించాల్సిందే.

నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక తండ్రి నా దగ్గరికి కూతురి ఫైలు పట్టుకొచ్చారు. ప్లాస్టిక్ ఫోల్డరు, లోపల మెమోలు, వాటి వెనక నూరు పేజీల దాకా జిరాక్సులు. ఏమిటివి అని అడిగితే, "సిలబస్ కాపీలు సార్. ప్రతి పేజీ మీద ప్రిన్సిపాల్ ముద్ర వేయించుకొచ్చిన" అన్నారు. రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి ఒక్కో యూనిట్ పోల్చుకుంటూ పోయాం. గణితం దాదాపు ఒకటే. భౌతికశాస్త్రంలో ఇక్కడ లేజర్లు ఉన్నచోట అక్కడ సెమీకండక్టర్లు. ప్రోగ్రామింగ్ ఒక చోట సీ, ఇంకో చోట పైథాన్. ఆయన చివరిదాకా ఓపిగ్గా చూసి, "మా దగ్గర బోల్టు ఏ కంపెనీది తెచ్చినా సైజు సరిపోతే నట్టు పడతది సార్. చదువుకు అట్ల సైజుల్లేవా?" అన్నారు. ఆయనకు అక్కడికక్కడ చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు.

సైజులు ఒకప్పుడు ఉండేవి, రాధాకృష్ణన్ కాలంలో చూశాం కదా. ఇప్పుడు స్వయంప్రతిపత్తి వచ్చింది. మంచి కాలేజీ అనిపించుకున్నదల్లా ఆటానమస్ అయ్యింది. సిలబస్ దానిదే, ప్రశ్నపత్రం దానిదే. చదువు నాణ్యతకు ఇది కొంత మేలు చేసి ఉండొచ్చు, కాదనను. కానీ పక్క కాలేజీ మార్కులను ఈ కాలేజీ నమ్మాల్సిన అవసరం లేకుండా పోయింది. పిల్లలు మారే దారి ఇలా సన్నబడిందన్న సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

దీనికి మందుగా వచ్చిందే క్రెడిట్ బ్యాంకు. 2021 జులైలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. ఒక చోట సంపాదించిన క్రెడిట్లు ఖాతాలో పడతాయి, మామూలుగా ఏడేళ్ల దాకా చెల్లుతాయి, పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు చదవాలి. కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటు. పిల్లలకు ఐడీలు కూడా ఇచ్చారు. అయితే ఖాతాలో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన అవతలి క్యాంపస్ సీటు ఇవ్వాలని ఎక్కడా లేదు. బ్యాంకులో డబ్బుంది, అంగట్లో సరుకు లేదు.

మరి మన దగ్గర మధ్యలో వచ్చేవాళ్లకోసం నిజంగా అట్టిపెట్టిన సీట్లు ఎక్కడైనా ఉన్నాయా అంటే, ఉన్నాయి. మనవాళ్లు వాటిని చిన్నచూపు చూస్తారు, అంతే. ఉప్పల్ పక్కన రామంతాపూర్‌లో జేఎన్ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి అక్కడ మూడేళ్ల డిప్లొమా చేసిన పిల్లవాడు ఈసెట్ రాస్తే, నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరతాడు. ఈ లేటరల్ ఎంట్రీ కోసం మామూలు సీట్ల మీద అదనంగా పది శాతం ఉంటాయి, ముందు ఏడాది మిగిలిపోయినవి వీటికి తోడు. బీఎస్సీ గణితం చదివినవాళ్లు కూడా రాయొచ్చు. ఈ మధ్య ఈసెట్ నడిపిస్తున్నది ఉస్మానియానే. ఇంటర్‌లో రాత్రింబవళ్లు రుద్ది, లక్షలమందితో పోటీపడి, ర్యాంకు రాక తూర్పుకు పోయిన పిల్లవాడు ఒకవైపు; డిప్లొమాలో వర్క్‌షాపు మసి పూసుకుని, ఈసెట్‌లో మంచి ర్యాంకుతో ఉస్మానియా రెండో ఏడాదిలో దిగిన పిల్లవాడు ఇంకోవైపు. పాలిటెక్నిక్ అంటే మూతి ముడుచుకునే చుట్టాలకు ఈ సంగతి చెప్పండి.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా ఇతర కాలేజీల్లో ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లకు లేటరల్ ఎంట్రీ పరీక్ష పెట్టి, పరిశోధనతో కలిపిన డ్యూయల్ డిగ్రీలోకి తీసుకునే పద్ధతి నడిపింది. సీట్లు కొద్ది. ఏ ఏడు ఎలా ఉందో వాళ్ల ప్రకటనలోనే చూసుకోవాలి.

మేనమామ చెప్పిన అమెరికా మాట కూడా చూద్దాం. ఆయన చెప్పింది నిజమే గానీ సగం నిజం. కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. ఊరూరా కమ్యూనిటీ కాలేజీలు, వాటిపైన విశ్వవిద్యాలయాలు. విశ్వవిద్యాలయంలో మొదటి రెండేళ్ల విద్యార్థులు నలభై పాళ్లు, చివరి రెండేళ్ల విద్యార్థులు అరవై పాళ్లు ఉండాలని లెక్క పెట్టుకున్నారు. అంటే పైతరగతుల్లో కావాలనే ఖాళీ వదిలారు, కింది కాలేజీల నుంచి వచ్చేవాళ్లతో నింపడానికి. ఫ్రీమాంట్‌లో ఓలోని, కుపర్టినోలో డి ఆంజా లాంటి కమ్యూనిటీ కాలేజీలు అక్కడి తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన పేర్లు. డేవిస్, అర్వైన్ సహా ఆరు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, షరతులు పూర్తిచేస్తే సీటు ఖాయమని ముందే రాసిస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో అలా రాసివ్వవు. ఇదంతా ప్రధానంగా ఆ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీ పిల్లల కోసం కట్టిన మెట్ల వరస. ఘట్‌కేసర్ నుంచి నేరుగా ఆ మెట్లెక్కలేం.

పెద్ద పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి వేరు. ప్రిన్స్‌టన్ 1990 నుంచి ట్రాన్స్‌ఫర్లే తీసుకోలేదు, మళ్లీ తలుపు తీసింది 2018లో. హార్వర్డ్ ఏడాదికి సగటున డజనుమందిని తీసుకుంటుంది, ప్రపంచం మొత్తం నుంచి. ఒబామా 1981లో లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీ నుంచి కొలంబియాకు మారాడని మనవాళ్లు ఉదాహరణ చెబుతుంటారు. చెప్పొచ్చు, కానీ ఆయన ఒక అమెరికన్ కాలేజీ నుంచి ఇంకో అమెరికన్ కాలేజీకి వెళ్లాడు. విదేశీ విద్యార్థికి, అందులోనూ మధ్యలో వచ్చేవాడికి, ఆర్థిక సాయం చాలాచోట్ల దొరకడం కష్టం. చేరికకు ముందు ఇది తేల్చుకోకపోతే నాచారం ఇల్లు బ్యాంకుకు తాకట్టు పడుతుంది.

అయినా దరఖాస్తు చేస్తామనేవాళ్లకు కొన్ని మాటలు. చాలా పెద్ద విశ్వవిద్యాలయాల గడువు మార్చి నెలలో పడుతుంది, సీటు ఆగస్టుకో సెప్టెంబరుకో. కనీసం ఒక ఏడాది చదివి ఉండాలి, రెండేళ్లు దాటితే చాలాచోట్ల అర్హత పోతుంది. కాలేజ్ రిపోర్ట్ అనే ఫారం ఒకటి ఉంటుంది. ఈ విద్యార్థి మా దగ్గర సక్రమంగా చదువుతున్నాడు, క్రమశిక్షణ చర్యలేవీ లేవు అని మీ కాలేజీ అధికారి సంతకం పెట్టాలి. మన కాలేజీ ఆఫీసులో ఆ ఫారం చూసినవాళ్లు అరుదు. బోనఫైడ్ కావాలా, స్టడీ సర్టిఫికెట్ కావాలా అని అడుగుతారు. కాబట్టి జనవరిలోనే వెళ్లి, కూర్చుని, అర్థమయ్యేలా చెప్పి రాయించుకోవాలి.

లెక్చరర్ల సిఫారసు లేఖలు రెండు కావాలి. డెబ్బైమంది ఉన్న సెక్షన్‌లో వెనక బెంచీలో కూర్చున్నవాడి పేరు ఏ లెక్చరరుకూ గుర్తుండదు. పేరు గుర్తు లేని లెక్చరరు రాసే లేఖ, ఎవరికైనా సరిపోయే లేఖ. అది చదివేవాళ్లు ఇట్టే పసిగడతారు.

ఇక వ్యాసం. ఎందుకు మారాలనుకుంటున్నావు అని అడుగుతారు. మనవాళ్లు ఇప్పటి కాలేజీని తిట్టి పెడతారు. ల్యాబ్‌లో సాల్వెంట్లు లేవు, లైబ్రరీ ఎప్పుడూ మూసే ఉంటుంది, సార్లు నోట్సు చెబుతారు. ఉన్నమాటే కావచ్చు. కానీ ల్యాబ్ లేనిచోట నువ్వేం చేశావన్నది వాళ్లకు కావాలి. సీసీఎంబీ ఓపెన్ డేకి వెళ్లి ఒక ప్రశ్న అడిగావా, ఆ ప్రశ్న పట్టుకుని ఏదైనా చదివావా, ఇంటి దగ్గరి ఫ్యాక్టరీ మురుగునీళ్లు సీసాలో పట్టి పీహెచ్ చూశావా, అది రాయి. తిట్టు రాసినవాడికంటే అలా రాసినవాడి మాటకే బరువు.

ఒక సంగతి ఇంకా స్పష్టంగా చెప్పాలి. మన దగ్గర పెద్ద చోటికి వెళ్లే విశాలమైన దారి మధ్యలో లేదు, చివర్లో ఉంది. ఘట్‌కేసర్ కాలేజీలో బీటెక్ పూర్తిచేసి గేట్ రాసి ఐఐటీల్లో ఎంటెక్ చేరేవాళ్లున్నారు. డిగ్రీ తర్వాత సీపీగెట్ రాసి ఉస్మానియాలో, కేంద్ర పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చేరేవాళ్లున్నారు. అక్కడ ఎవరూ పాత ఎంట్రన్స్ ర్యాంకు అడగరు. రెండో ఏడాదిలో మారడం కోసం ఆర్నెల్లు ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు, ఆ సమయం గేట్ పుస్తకాల మీద పెడితే చాలామందికి ఎక్కువ ఫలితం. ఇది నా అభిప్రాయం. ఇంట్లో జబ్బు మనిషి ఉండి, అమ్మాయి గంటన్నర బస్సు ప్రయాణం చేయలేక దగ్గరి కాలేజీకి మారాలంటే, అది వేరే అవసరం. అక్కడ మాత్రం తిరగాల్సిందే.

అయితే ఇందులో విశ్వవిద్యాలయాలకు చెప్పాల్సింది ఒకటుంది. పదిహేడేళ్ల వయసులో ఒక పూట రాసిన పరీక్ష ఒక పిల్లవాడి నాలుగేళ్లను తేల్చేస్తోంది. మొదటి ఏడాది చివర పెద్ద కాలేజీల్లో కూడా కొందరు వెళ్లిపోతారు. ఆ ఖాళీల్లో కొన్నింటిని, బయటి కాలేజీల్లో మొదటి ఏడాది బాగా చదివిన పిల్లలకు ఒక పరీక్ష పెట్టి ఇవ్వడానికి ఏం అడ్డు? ఈసెట్ పిల్లలకు ఇస్తున్నప్పుడు వీళ్లకూ ఇవ్వొచ్చు. సిలబస్ తేడా వస్తుందంటే, ఒక వేసవి తరగతి పెట్టండి. ఉస్మానియా తీసేసిన ఉర్దూ మాధ్యమం పిల్లలను ఇంగ్లీషు మాధ్యమం నాగ్‌పూర్ చేర్చుకున్నది మరిచిపోవద్దు.

తల్లిదండ్రులకు చివరగా ఒక్క విన్నపం. ఎవరో ఏజెంటు, పక్కా సీటు, అడ్వాన్సు కట్టండి అంటే కట్టకండి. మీ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అడిగి తెచ్చుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లు కాలేజీ మారితే అది ఆగుతుందా, సాగుతుందా అని ముందే కనుక్కోండి. అన్నింటికంటే ముఖ్యం, కొత్త కాలేజీ నుంచి సీటు ఇచ్చినట్టు ముద్ర వేసిన కాగితం మీ చేతికి రాకముందు, పాత కాలేజీలో టీసీ కోసం దరఖాస్తు పెట్టకండి.